మూడు క్లిక్కుల సాంబశివరావు

సాంబశివరావు చెడ్డవాడు కాదు. తాగడు, అప్పులు చేయడు, ఆఫీసులో ఎవరి కిందా గోతులు తవ్వడు. చెడ్డవాడైతే కనీసం భయపడి అయినా గౌరవించి ఉండేవాణ్ణి. తనకు తెలిసిన సంగతి ఏదో ఎదుటివాడికి తెలియదని తేలగానే అతని మొహంలోకి ఒక వెలుగు వస్తుంది. ఆ వెలుగును నేను ఏళ్ళ తరబడి భరించాను. సింగపూర్‌లో మా ఐటీ తెలుగువాళ్ళలో ఇలాంటివాళ్ళు బ్లాకుకి ఒకడు ఉంటాడు కాబట్టి, ఈ ఒక్కడి గురించి చెబితే చాలు.

కంపెనీలు ఎగబడి మనుషుల్ని తెచ్చుకుంటున్న రోజుల్లో మేమిద్దరం ఒకే విమానంలో దిగాం. యీషున్‌లో పుష్పవల్లి ఆంటీ ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాం. ఆంటీ, ఆవిడ భర్త నారాయణస్వామి అంకుల్, ఇద్దరూ మలేషియాలో రబ్బరు తోటల్లో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళు. అంకుల్ ఓడరేవులో క్రేన్ నడిపేవారు. తాతలు విశాఖ వైపు నుంచి మోసుకొచ్చిన తెలుగులో అరవం, మలయ్ కలిసిపోయి వాళ్ళ నోట ఒక కొత్త రుచి వచ్చింది. మేం ఆఫీసు నుంచి రాగానే, తిన్నారా అని ఆంటీ తలుపు దగ్గరే అడిగేది.

"మాకన్ అయినాదా అయ్యా? లేకుంటే కూకోండి, చేపల పులుసు ఉన్నాది."

"ఇది తెలుగేనా ఆంటీ?" అని సాంబశివరావు పగలబడి నవ్వేవాడు. ఆవిడా నవ్వి ఇంకో గరిటె వేసేది. ఆవిడ వడ్డించిన పులుసు వేళ్ళు నాకుతూ తిని, ఆవిడ తెలుగుకి మార్కులు వేసిన మనిషి ఇతను. నాకు అప్పుడే ఒళ్ళు మండింది. కానీ గదిలో ఫ్యాను అతని మంచం వైపు ఉండేది కాబట్టి, నా మంటను ఎవరూ పట్టించుకోలేదు.

ఆ ఇంట్లో టీవీ పైన వాళ్ళ పెళ్ళి ఫోటో ఉండేది. తోటలో పెళ్ళి, టౌను నుంచి వచ్చిన ఫోటోగ్రాఫరు, ఒకే ఒక్క ఫోటో. అంకుల్ తాళి కడుతున్నారు. ఆంటీ తల వంచుకుని ఉంది. పూలజడ, పాపిడి, దండ తప్ప మొహం లేదు. ఆ కాలంలో పెళ్ళికూతురు తలెత్తితే తిట్టేవాళ్ళట. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ ఆంటీ ఆ ఫోటో చూపించేది.

"చూసినావా, నా పెళ్ళిలో అందరూ ఉన్నారు, నేనే లేను" అనేది. నవ్వుతూనే అనేది కానీ, అన్నాక కాసేపు ఆ ఫోటో వైపే చూసేది.

తర్వాత సాంబశివరావుకి కీర్తికతో పెళ్ళయింది, సెంగ్‌కాంగ్‌లో కాండో ఫ్లాటు వచ్చింది, యోగిత పుట్టింది. జీతం పెరిగింది, పని తగ్గింది. అలాంటప్పుడు మా వాళ్ళకి ఏదో ఒక పిచ్చి పట్టాలి. ఒక ఏడు అందరూ మారథాన్ బూట్లు కొన్నారు. ఇంకో ఏడు ఇంటింటా కాఫీ మిషను వెలిసింది. ఆ తర్వాత ఏడు అందరి మెడల్లోనూ నల్లటి పెద్ద కెమెరాలు వేలాడాయి. శనివారం సాయంత్రం మెరీనా ఒడ్డున నిలబడితే చాలు, బ్యాంకుల సాఫ్ట్‌వేర్ నడిపేవాళ్ళంతా వరసగా స్టాండ్లు పాతుకుని, ఒకే భవనాల్ని, ఒకే కోణంలో, ఒకే సూర్యాస్తమయంలో తీస్తూ ఉండేవాళ్ళు. హాకర్ సెంటర్లో బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి సీటు చోప్ చేసుకున్నట్టు, సాంబశివరావు రెయిలింగ్ మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి చోటు పట్టుకునేవాడు. ఎవరైనా దాన్ని జరిపితే గొడవపడేవాడు.

అందరికన్నా ఒక మెట్టు పైన ఉండాలి కాబట్టి, అతను హెచ్‌డీఆర్ పట్టుకున్నాడు. అంటే ఏమిటని నేను పొరపాటున అడిగాను. మొహంలోకి వెలుగు వచ్చింది.

"మన కన్ను ఎండనీ నీడనీ ఒకేసారి చూస్తుంది గురూ. కెమెరా చూడలేదు. ఆకాశం సరిగ్గా వస్తే మనిషి నల్లబడతాడు, మనిషి సరిగ్గా వస్తే ఆకాశం తెల్లబడుతుంది. అందుకని ఒకే సీనుని మూడుసార్లు కొట్టాలి. ఒకటి చీకటిగా, ఒకటి మామూలుగా, ఒకటి వెలుతురుగా. మూడిటినీ కంప్యూటర్లో కలిపితే, అదీ ఫోటో!"

దానికి పెద్ద తతంగం ఉంది. స్టాండు కాళ్ళు బిగించాలి. ఫోకస్ ఒకసారి చూసుకుని, మళ్ళీ మారకుండా మాన్యువల్‌లో పెట్టాలి. ఐఎస్ఓ వంద దాటకూడదు. అపర్చర్ కదపకూడదు, రంగుల సెట్టింగు కదపకూడదు, మూడు ఫోటోలకీ మధ్య షట్టర్ వేగం ఒక్కటే మారాలి. చేత్తో బటన్ నొక్కితే అదురుతుందని వైరు తగిలించిన రిమోట్ వాడాలి. ఇవన్నీ నిజమే, నేను కాదనను. కొండని తీస్తే బ్రహ్మాండంగా వస్తుంది. భవనాన్ని తీస్తే వస్తుంది. ఇతను అన్నిటినీ ఇలాగే తీశాడు. ఇతని ఫోటోల్లో మేఘాలు దెబ్బ తగిలిన చోట కమిలినట్టు ఊదారంగులో ఉండేవి. గోడ మీద మరకలు లెక్కపెట్టుకోవచ్చు. మనుషులు మాత్రం ఉండేవాళ్ళు కాదు.

యోగిత పుట్టినరోజుకి కూడా స్టాండు వేశాడు. పిల్ల కొవ్వొత్తి ఊదింది. ఫోటోలో కేకు మీద క్రీము గీతలు కూడా కనిపించాయి, పిల్ల మొహం ఉండాల్సిన చోట మూడు మొహాలు పులిమినట్టు వచ్చాయి.

"కదిలింది" అన్నాడు సాంబశివరావు, పిల్ల వైపు కోపంగా చూస్తూ.

"డాడీ, బ్లో చేస్తే మూవ్ అవ్వాలి లా!" అంది యోగిత, సింగపూర్ పిల్లల యాసలో. ఆ ఇంట్లో కెమెరా సంగతి అర్థమైంది ఆ పిల్లకొక్కదానికే.

అంకుల్‌కి అరవై నిండాయి. షష్టిపూర్తి చేస్తామని ఆంటీ ఫోన్ చేసింది. మళ్ళీ పెళ్ళే కదా, అంకుల్ మళ్ళీ తాళి కడతారు. నేను వెళ్ళేసరికి సాంబశివరావు సోఫాలో కాళ్ళు చాపుకుని ఉన్నాడు. ఆంటీ పట్టుచీర తెచ్చి చూపించి, టీవీ పైన ఫోటో వైపు వేలు పెట్టింది.

"ఈసారి తల వంచేది లేదు. తాళి కట్టేటప్పుడు ఈయన మొహంలోకే చూస్తాను. నా మొహం కనపడే ఫోటో ఒక్కటి, ఒక్కటే చాలు. అది పాతదాని పక్కన పెట్టుకుంటాను."

వాళ్ళమ్మాయి శాంతిని పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతుంది. "అమ్మా, స్టూడియో అన్నని పిలుద్దాం లా. పోయిన నెల మా ఫ్రెండ్ పెళ్ళికి బాగా తీసినాడు" అంది.

"స్టూడియోనా!" సాంబశివరావు లేచి కూర్చున్నాడు. "మొహాల మీద ఫ్లాష్ కొట్టి పిండిబొమ్మల్ని చేసి ఇస్తారు. నేనుండగా వాళ్ళెందుకమ్మా? ఆంటీ ఉప్పు తిన్నవాణ్ణి. మీ జన్మలో చూడని ఫోటో ఇస్తాను ఆంటీ."

ఆంటీ కళ్ళు మెరిశాయి. తన ఇంట్లో ఉండి పెద్దవాడైన కుర్రాడు తనకోసం ఏదో చేస్తానంటున్నాడని ఆవిడ సంబరం. శాంతిని నా వైపు చూసింది. నేను యోగిత పుట్టినరోజు సంగతి చెప్పాను.

"చిన్నపిల్ల కాబట్టి కదిలింది" అని కొట్టిపారేశాడు. "పెద్దవాళ్ళు చెబితే వింటారు."

షష్టిపూర్తి ఒక గుడి హాల్లో. వేదిక వెనక పొడుగాటి కిటికీలు, వాటిలోంచి పొద్దుటి ఎండ సూటిగా లోపలికి కొడుతోంది. ఆ వెలుగుకి అడ్డంగా కూర్చుంటే ఎవరి మొహమైనా నల్లబడుతుంది. బుద్ధున్నవాడు కర్టెన్ వేస్తాడు, లేదా ఫ్లాష్ వేస్తాడు. సాంబశివరావు ఆ కిటికీలు చూసి చేతులు రుద్దుకున్నాడు.

"ఇదీ అసలైన హెచ్‌డీఆర్ సీను!"

ముందు వరసలో కూర్చున్న ముసలమ్మల్ని లేపి అక్కడ స్టాండు పాతాడు. చుట్టుపక్కల కుర్చీల మీద టిష్యూ ప్యాకెట్లు పెట్టాడు. లేచినవాళ్ళలో అంకుల్ అక్క వరలక్ష్మమ్మ ఉంది. మోకాళ్ళ నొప్పులతో మలేషియాలోని ఈపో నుంచి బస్సులో వచ్చిన మనిషి, తమ్ముడి షష్టిపూర్తి స్తంభం చాటు నుంచి చూడాల్సి వచ్చింది. ఎవరూ లేని వేదికని ముందుగా మూడు క్లిక్కులు కొట్టి చూసుకుని, "పర్ఫెక్ట్" అని తనకు తనే చెప్పుకున్నాడు.

ఆ తర్వాత హుకుములు మొదలయ్యాయి. ఎవరూ ఫ్లాష్ కొట్టకూడదు, అసలు కెమెరాలే సంచుల్లో పెట్టేయాలి, తన లెక్క తప్పుతుంది. ఫ్యాన్లు ఆపాలి, దండలు ఊగుతున్నాయి. సింగపూర్‌లో, పట్టుబట్టల్లో, హోమం పొగలో, ఫ్యాన్లు ఆపించాడు! జనం చెమటలు కక్కుతూ ఓర్చుకున్నారు. ఈ ఊళ్ళో ఐటీవాడు ఏదైనా వైరు పట్టుకుని మాట్లాడితే నిజమేననుకుంటారు.

పంతులుగారు మాంగల్యం ఎత్తారు. సన్నాయివాళ్ళు గట్టిమేళం అందుకున్నారు. డోలు దెబ్బకి చెక్క వేదిక అదిరింది, వేదిక ముందున్న స్టాండూ అదిరింది.

"ఆపండి!" అని అరిచాడు సాంబశివరావు. "మేళం ఆపండి, షేక్ అవుతోంది! అక్షింతలు ఎవరూ వేయొద్దు, గీతల్లా పడతాయి. నేను చెప్పాక వేయండి. అంకుల్, ముడి వేయకండి, అలా పట్టుకుని ఉండండి. ఆంటీ, కదలొద్దు!"

డోలువాడు బిత్తరపోయి చేతులు ఆపేశాడు. గట్టిమేళం ఎందుకు వాయిస్తారో మా ఇళ్ళల్లో పసిపిల్లలకీ తెలుసు. ఆ క్షణంలో తుమ్ము, ఏడుపు, చెడ్డమాట, ఏదీ వధూవరుల చెవిన పడకూడదు. ఈ మహానుభావుడు ఆ మేళాన్ని ఆపించి, నిశ్శబ్దంలో తాళి పట్టించాడు. గుప్పిళ్ళలో అక్షింతలు పట్టుకుని అంతమంది పెద్దవాళ్ళు దొంగల్లా నిలబడ్డారు.

"ముహూర్తం పోతున్నది స్వామీ" అన్నారు పంతులుగారు.

"ఒక్క నిమిషం సార్!"

అన్న మాట ప్రకారం ఆంటీ తలెత్తింది. టక్. చిన్న శబ్దం. మళ్ళీ టక్, ఈసారి కొంచెం సాగింది. మూడోసారి షట్టర్ తెరుచుకుని అలా ఉండిపోయింది. ఆంటీ అంకుల్ మొహంలోకి చూసింది. అంకుల్ కూడా చూశారు. ఆవిడ గడ్డం వణికింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వు వచ్చింది, ఆ నవ్వుని ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. ఆ హాల్లో ఆ మొహాన్ని చూసినవాళ్ళెవరూ మరిచిపోలేరు. నేను మరిచిపోలేదు. అప్పటికి గానీ షట్టర్ మూసుకోలేదు.

"సూపర్ ఆంటీ! అదిరింది! ఇప్పుడు వేసుకోండి" అన్నాడు సాంబశివరావు.

అక్షింతలు పడ్డాయి. మేళం ఆలస్యంగా, సిగ్గుపడుతూ మొదలైంది.

"మేళం లేకుండా తాళి కట్టించినాడే! ఎవడమ్మా ఈడు?" అంది స్తంభం చాటు నుంచి వరలక్ష్మమ్మ. అదొక్కటే ఆ రోజు ఎవరైనా పైకి అన్న సరైన మాట.

వారాలు గడిచాయి, ఫోటో రాలేదు. ఆంటీ టీవీ పైన మేకు కొట్టించి ఉంచింది. ఫోన్ చేస్తే "ప్రాసెసింగ్‌లో ఉంది ఆంటీ, ఇది స్టూడియోవాళ్ళు గబగబా కడిగిచ్చేది కాదు" అనేవాడట. చివరికి నేనే సెంగ్‌కాంగ్ వెళ్ళాను. పెద్ద తెర ముందు కూర్చోబెట్టి చూపించాడు. కిటికీ బయట చెట్టు ఆకు ఆకునా కనిపిస్తోంది. దూరంగా ఫ్లాట్ల బాల్కనీల్లో ఆరేసిన బట్టలు కనిపిస్తున్నాయి. దీపం వత్తి కనిపిస్తోంది. వేదిక మధ్యలో మాత్రం పొగలాంటి రెండు ఆకారాలు. ఒకదానికి మూడు నాలుగు చేతులున్నాయి. రెండోదానికి మొహం చెరిగిపోయింది.

"కదిలారు. దీన్ని ఘోస్టింగ్ అంటాం గురూ. అంటే దెయ్యాలు. కానీ నేను వదిలిపెట్టలేదు, ఇది చూడు."

మీట నొక్కాడు. అదే చెట్టు, అవే బట్టలు, అదే దీపం. వేదిక మీద రెండు ఖాళీ పీటలు.

"పొద్దున ఖాళీగా ఉన్నప్పుడు తీసినవి ఉన్నాయిగా. ఆ ముక్క తెచ్చి అతికించాను. క్లీన్!"

"మనుషులేరి?"

"తీసేశాను."

అతని గొంతు పిసకాలనిపించింది. అయినా ఓపిక పట్టాను. "మూడిట్లో మొదటిది చిటికెలో అయిపోయింది కదా. దాంట్లో ఆంటీ కదిలి ఉండదు. చీకటిగా ఉన్నా ఫర్వాలేదు, దాన్ని ఎవరైనా వెలుతురు చేసిస్తారు. అదివ్వు."

"అదింకా ఎక్కడిది? కలిపేశాక ముక్కల్ని డిలీట్ చేస్తాను. చెత్తంతా దాచుకుంటానా?"

"కెమెరా కార్డులోనో?"

"ఫార్మాట్ చేసి బర్డ్ పార్కుకి తీసుకెళ్ళాను. కొంగలు చూస్తావా? కొంగలు అసలు కదలవు గురూ!"

కీర్తిక తలుపు దగ్గర టీ కప్పులతో నిలబడి ఉంది. "ఆంటీవాళ్ళవి ఉంచమని చెప్పాను. వినలేదు" అంది మెల్లగా. టీ తాగకుండా లేచి వచ్చేశాను. ఆంటీకి ఏం చెప్పాలో తెలియక, ఫోటో సరిగ్గా రాలేదట అని మాత్రం శాంతినికి చెప్పాను.

అంతటితో ఊరుకుంటే అతను సాంబశివరావు ఎందుకవుతాడు? ఆ ఖాళీ పీటల ఫోటోని కమ్యూనిటీ క్లబ్బులో చుట్టుపక్కలవాళ్ళ ఫోటో ప్రదర్శనకి పంపాడు. దానికి ఏదో ప్రశంస కూడా వచ్చింది. అద్దం ఫ్రేములో పెట్టి, కింద "వెలుగు" అని పేరు రాసి తగిలించారు. దానికి ఆంటీని, అంకుల్‌ని తనే ఫోన్ చేసి పిలిచాడు! సిగ్గులేక పిలిచాడని మొదట అనుకున్నాను. కాదు, నిజంగా ఆవిడ సంతోషిస్తుందనే పిలిచాడు. నాకు రోత పుట్టింది అందుకే.

ఆంటీ షష్టిపూర్తి చీరే కట్టుకుని వచ్చింది. ఫోటో బాగా వచ్చి ఉంటుంది, లేకపోతే గోడకెందుకు పెడతారు అనుకుంది పాపం. అంకుల్ ఇస్త్రీ చొక్కా, శాంతిని చేతిసంచీ. మా నలుగుర్నీ సాంబశివరావు ఆ ఫోటో ముందుకు తీసుకెళ్ళాడు.

"చూడండి ఆంటీ, కిటికీ బయట ఆకులు! ఆ బాల్కనీలో బట్టలు చూశారా? ఏ స్టూడియోవాడి తరం కాదు."

ఆంటీ ఆకులు చూసింది. బట్టలు చూసింది. చాలాసేపు వెతికింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"నేనెక్కడ ఉన్నాను అయ్యా?"

సాంబశివరావు అద్దం మీద వేలు పెట్టాడు. ఖాళీ పీట మీద.

"ఇక్కడే ఉన్నారు ఆంటీ. కదిలారు."

ఆంటీ మళ్ళీ ఆ పీట వైపు చూసింది. కోపం లేదు ఆవిడ గొంతులో, అదే నాకు భరించడం కష్టమైంది.

"అవునయ్యా, కదిలినాను. ఈయన తాళి కడతా ఉంటే కదలకుండా ఎట్లా ఉండేది?"

నారాయణస్వామి అంకుల్ తన చేతిలో గొడుగు నాకిచ్చారు. రేవులో క్రేన్లు తిప్పిన పెద్ద చేతులు. ఆంటీ మెడలో తాళిగొలుసు పైకి తీసి, రెండు చేతులా ఎత్తి పట్టుకున్నారు, ముడి వేయబోతున్నట్టు. జనం చూస్తున్నారని ఆయనకి పట్టలేదు.

"శాంతినీ, తియ్" అన్నారు.

ఆంటీ తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. "ఇదేం పని ఇక్కడ, అందరూ చూస్తా ఉన్నారు" అంటూ నవ్వింది. శాంతిని సంచీలోంచి చిన్న డిజిటల్ కెమెరా తీసింది.

"ఫ్లాష్ ఆపు, ఫ్లాష్ ఆపు! వెనక అద్దం ఉంది, గ్లేర్ కొడుతుంది!" అని అరిచాడు సాంబశివరావు.

శాంతిని ఫ్లాష్ కొట్టింది.

ఆ ఫోటో ఇప్పుడు యీషున్‌లో టీవీ పైన, పాతదాని పక్కన, ఆ మేకుకే ఉంది. ఆంటీ మొహం నిండా నవ్వు, కళ్ళ పక్క ముడతలతో సహా కనిపిస్తుంది. వాళ్ళ వెనక గోడ మీద ఒక తెల్లటి వెలుగు మచ్చ ఉంటుంది. అక్కడ ఏ ఫోటో ఉండేదో ఆ ఇంటికి వచ్చినవాళ్ళెవరూ ఇంతవరకూ అడగలేదు.